నిచ్చెన మోసిన భుజం

కోటుకి రంగు వెయ్యమని రంగులత్తకి ఎవరూ చెప్పలేదు. గుండీ ఒకటి ఊడింది, కుట్టమనీ, ఆవిరి పట్టి పాత వాసన పోగొట్టమనీ మాత్రమే చెప్పి, మేనకోడలు పాత బట్టల మూటలు కొనడానికి పొరుగూరు వెళ్లింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఇంకేం చెయ్యకత్తా దాన్ని" అని కూడా అంది. ఆ మాట రంగులత్త వినకపోలేదు. కాకపోతే కొన్ని మాటలు చెవిదాకా వచ్చి ఆగిపోతాయి, చేతిదాకా రావు.

మగవాళ్ల పనికోటు అది. దళసరి నూలు గుడ్డ, నాలుగు జేబులు, పెద్ద కాలరు. ఒకప్పుడు ముదురు నీలం అయివుండాలి. ఇప్పుడు మోచేతుల దగ్గర ఒక రంగు, వీపు మీద ఒక రంగు, జేబు అంచుల్లో ఇంకో రంగు. అన్నిటికంటే అన్యాయం భుజాలది. ఎడమ భుజం ఇంకా కాస్తో కూస్తో నీలంగా ఉంది. కుడి భుజం మాత్రం పూర్తిగా వెలిసిపోయి, గుడ్డ అరిగి, పడుగూ పేకా లెక్కపెట్టుకునేట్టుగా తెల్లబడిపోయింది. రంగులత్త దాన్ని బల్లమీద పరిచి, రెండు చేతులూ నడుముకి ఆనించి కాసేపు చూసింది. ఒక భుజం తెల్లగా, ఒక భుజం నీలంగా వేసుకుని ఈ మహానుభావుడు నలుగురిలోకి ఎలా వెళ్లేవాడో అనుకుంది. కట్టుకున్నదానికైనా కళ్లు లేవా అని కూడా అనుకుంది.

రంగులత్త పనిచేసే షాపు మేనకోడలిది. కిటికీ అద్దం మీద 'వింటేజ్' అని వంకర టింకర అక్షరాలతో రాయించింది. అక్షరాలు కూడా పాతగా కనబడాలని పెయింటరు చేత కొత్త పెయింటు గీకించింది. లోపల వరసగా ఇనప కడ్డీలకి ఎవరెవరో వదిలేసిన కోట్లు, గౌన్లు, చొక్కాలు. గోడలకి నడవని గడియారాలు, పాడని రేడియోలు. ముందుగది అంతా మేనకోడలిది, పరదా వెనక గది రంగులత్తది. అక్కడ ఒక పంపు, రెండు గంగాళాలు, గ్యాసు పొయ్యి, ఇస్త్రీ బల్ల ఉన్నాయి. "డబ్బులిచ్చి చిరుగులు కొనుక్కుంటారట. మనింటికి పంపిస్తే ఊరికే ఇద్దుముగా" అని మేనకోడలి తండ్రి, అంటే రంగులత్త అన్న, రోజుకొకసారైనా అంటాడు. అని తనే నవ్వుకుంటాడు.

బట్టల రంగుల కార్ఖానా మూతపడే వరకూ రంగులత్త అక్కడే పనిచేసింది. ఆ పేరు అక్కణ్నించి వచ్చిందే. అది మూతపడ్డాక అన్న ఇంట్లో కుర్చీలాగా ఒక మూల ఉండిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. అదే కష్టంగా ఉండేది. గోళ్ల కింద ఎప్పుడూ ఉండే రంగు కొద్దికొద్దిగా పోయి, గోళ్లు జబ్బు మనిషి గోళ్లలా తెల్లబడ్డాయి. అప్పుడు మేనకోడలు, "మా షాపుకి రా అత్తా, చేతిసాయంగా ఉంటావు" అంది. వచ్చింది. గుండీలు కుట్టింది, జిప్పులు మార్చింది, ఆవిరి పట్టింది. ఇవి ఎవరైనా చేస్తారు. రంగులత్త చెయ్యి ఏం చెయ్యగలదో ఇక్కడ ఒక్కరూ చూడలేదు. ఒక్కసారి చూపించాలని ఆవిడ కోరిక. చూసి ఎవరైనా ఒక మంచిమాట అంటే చాలు, అంతకంటే ఏమీ అక్కర్లేదు.

అసలు రంగు కోసం ఆవిడ ఎక్కువ వెతకలేదు. కాలరు మడత కింద చిన్న కత్తెరతో రెండు కుట్లు విప్పి చూసింది. ఎండ ముఖం ఎరగని ఆ మడతలో నీలం, కొట్లో కొన్న రోజున ఎలా ఉందో అలాగే ఉంది. "ఇక్కడ దాక్కున్నావా" అంది దానితో.

ముందు సోడా వేసిన వేడినీళ్లలో కోటుని నానబెట్టింది. ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు, మసి, చెమట ఉడికి గంగాళంలో నీళ్లు టీ రంగుకి తిరిగాయి. పారబోసి మళ్లీ పెట్టింది. పొట్లాలు విప్పి నీలం పొడి, దానికి కాస్త నలుపు, వేలి కొసకి అంటినంత ఎరుపు కలిపింది. గుడ్డముక్క ఒకటి ముంచి, తడిమీద రంగుని నమ్మకూడదు గనక ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టి, కాలరు మడత పక్కన పెట్టి చూసింది. ఒక వన్నె తక్కువైంది. ఇంకాస్త నలుపు వేసింది. ఈసారి ముక్కేదో మడతేదో తెలియలేదు.

పనంతా కుడి భుజం దగ్గరే. అరిగిన గుడ్డ రంగుని ఇష్టమొచ్చినట్టు తాగుతుంది. అందుకని ఆ భుజాన్ని విడిగా పలచటి రంగులో ముందు ముంచింది, పిల్లకి తల అంటుతున్నట్టు చేత్తో పట్టుకుని. తర్వాత కోటంతా పెద్ద గంగాళంలోకి దించి, కర్రతో తిప్పడం మొదలుపెట్టింది. తిప్పడం ఆపితే మచ్చలు పడతాయి. ఆపలేదు. ఉప్పు కొంచెం కొంచెంగా వేసింది, రంగు పట్టాక సోడా వేసింది. భుజాలు లాగేశాయి, నడుం పట్టేసింది, కానీ లోపల ఎక్కడో ఎన్నాళ్లుగానో మూసుకుపోయినది తెరుచుకుంది. పాట రాదు గనక కూనిరాగం తీసింది.

జాడించి జాడించి నీళ్లు తేటగా వచ్చేదాకా ఉంచి, తిరగేసి నీడన ఆరేసింది. మర్నాడు ఇస్త్రీ చేసి పట్టుకుంటే, కోటు నిన్న కుట్టినట్టుంది. కుడి భుజం ఏదో ఎడమ భుజం ఏదో దాన్ని కుట్టినవాడు కూడా చెప్పలేడు. ఒక్కచోట మాత్రం చిన్న లోపం. లోపలి జేబు చినిగితే ఎవరో దళసరి దారంతో కుట్టారు. ఆ దారం నైలాను కాబోలు, రంగు పట్టలేదు. నీలం మీద తెల్లగా, వంకరగా, ఎడంగా పడ్డ కుట్లు. చేతకాని చెయ్యి అనుకుంది రంగులత్త. విప్పి కుడదామనుకుని, లోపలిదేగా ఎవరు చూస్తారని వదిలేసింది.

గుండీ కుట్టి, కోటుని ముందుగదిలో కొయ్యబొమ్మకి తొడిగింది. ఆ సాయంత్రం ఇంటికెళ్తే అన్న ఆవిడ చేతులు చూసి, "మళ్లీ మొదలెట్టావూ" అన్నాడు. గోళ్ల కింద నీలం. ఆవిడ చేతులు దాచుకోలేదు.

*

మేనకోడలు మూటలతో ఆటో దిగి, తలుపు మోకాలితో తోసుకుని లోపలికి వచ్చింది. రంగులత్త పరదా పక్కన నిలబడింది, ఏమీ ఎరగనట్టు చేతులు తుడుచుకుంటూ. మేనకోడలు బొమ్మవైపు చూసింది. చేతిలో మూట కింద పెట్టింది. పెట్టిన మూటమీదే కూర్చుండిపోయింది.

"ఏం చేశావత్తా" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"బాగాలేదా?"

"ఎంత బాగుందో నాకు కనపడుతోంది. అది కాదు. దాన్ని ఒక డెకరేటరు కొత్త కాఫీ హోటల్ గోడకి పెట్టడానికి తీసుకున్నాడు. అద్దాల ఫ్రేము చేయించుకుంటున్నాడు. ఆ భుజం ఫొటో చూసే ఒప్పుకున్నాడు."

"వెలిసిన భుజాన్నా? ఫ్రేము కట్టించి?"

"ఆ భుజమే దాని అందం. కొత్త కోట్లు బజారంతా ఉన్నాయత్తా. కొత్తదాంట్లో ఎవరూ ఉండరు. దీన్లో ఎవరో ఉన్నారు. చూడగానే, ఎవరో మనిషి ఏదో మోశాడు, ఏళ్లపాటు మోశాడు అని తెలుస్తుంది. అందుకే మనుషులు ఆగి చూస్తారు."

"ఏం మోశాడు?"

"నాకేం తెలుసు."

"మోసినవాణ్ని అడిగితే కొత్త కోటు ఇప్పించమనేవాడు" అంది రంగులత్త. "వెలిసిన గౌనుతో బడికెళ్లినదాన్ని నేను. అందులో ఎవరున్నారని ఎవరూ అడగలేదు. నవ్వారు. మా అమ్మ రాత్రికి రంగు వేసి ఇస్తే, పొద్దున తలెత్తుకుని వెళ్లాను. మీకు వింతగా ఉంది గానీ, వెలిసిపోవడం అంత అందమైన సంగతేం కాదే."

మేనకోడలు లేచి, కోటు భుజం మీద చేత్తో రాసి చూసింది, కింద ఇంకా పాతది ఉందేమోనన్నట్టు.

డెకరేటరు సాయంత్రం వచ్చాడు. సన్నటి మనిషి, కొలతల టేపు జేబులోంచి వేలాడుతోంది. మేనకోడలు కళ్లతోనే చెప్పింది, నువ్వు లోపలికి వెళ్లత్తా అని. రంగులత్త పరదా వెనక్కి వెళ్లి ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడింది. పరదా గుడ్డదే, గోడ కాదు. అన్నీ వినబడ్డాయి.

"ఇది ఉత్త కోటండీ. నేను తీసుకున్నది ఇది కాదు" అన్నాడు డెకరేటరు.

"అదే సార్. పొరపాటు జరిగింది. మా వర్కరు... కొత్తగా చేరింది. పెద్దావిడ, తెలీదు."

"అలాంటివాళ్లని ఎందుకు పెట్టుకుంటారండీ? పురాతన విగ్రహానికి ఎనామిల్ పెయింటు వేసినట్టుంది."

"అవును సార్. మనిషిని మార్చేస్తాను."

డెకరేటరు వెళ్లిపోయాడు. రంగులత్త చేతిలో ఎవరిదో తెల్ల చొక్కా ఉంది. దాని కాలరుని ఇస్త్రీ చేసింది, తిప్పి మళ్లీ చేసింది. వర్కరు. అత్త అన్న రెండక్షరాలు ఆ పిల్ల నోట్లోంచి రాలేదు. ఎత్తుకుని పెంచింది, జ్వరం వస్తే ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, తన మొదటి సంపాదనతో ఆ పిల్లకి చెప్పులు కొంది. ఇవన్నీ ఎత్తిచూపే అలవాటు ఆవిడకి లేదు. కానీ ఆ సాయంత్రం ఒకటొకటిగా వాటంతటవే గుర్తొచ్చాయి. చేతిపనిలో తప్పు చేసి మాట పడితే పడొచ్చు. జీవితంలో ఇంత చక్కగా ఇంకో కోటుకి రంగు వెయ్యలేదు ఆవిడ. చక్కగా చేసినందుకు మాటపడింది.

ఇంట్లో భోజనాల దగ్గర ఇద్దరూ పళ్లెంలోకే చూసుకున్నారు. "ఏం, ఇద్దరూ నోటికి తాళాలు వేసుకొచ్చారా? తాళంచెవులు షాపులో మర్చిపోయారా?" అన్నాడు అన్న. ఎవరూ నవ్వలేదు. రంగులత్త పళ్లెం తీసి కడుక్కుని వెళ్లి పడుకుంది. రేపు వెళ్లి తన కర్రా, ఆప్రానూ, పొట్లాల పెట్టే తెచ్చేసుకోవాలని నిశ్చయించుకుంది. కుర్చీలా మూల కూర్చోవడం కొత్తేం కాదు.

*

పొద్దున షాపులో మేనకోడలు మూటలు విప్పి బట్టలు వేరుచేస్తోంది. రంగులత్త పలకరించకుండా పరదా వెనక్కి వెళ్లి సర్దుకోవడం మొదలుపెట్టింది. నీలం పొడి పొట్లానికి దారం చుడుతుండగా, తలుపు గంట మోగింది.

"పాత బట్టలు ఇక్కడికే వస్తాయని చెప్పారమ్మా" అంది ఎవరో. రంగులత్త పరదా సందులోంచి చూసింది. తన ఈడు మనిషే, కాస్త పెద్దది కావచ్చు. భుజానికి గుడ్డసంచి. నడిచి వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. మేనకోడలు స్టూలు జరిపింది. ఆవిడ కూర్చోలేదు.

"మా కోడలు ఒక మూట ఇచ్చేసింది. ఆ పిల్ల తప్పేం లేదు, ఇచ్చెయ్యమన్నది నేనే. మనిషే లేనప్పుడు బట్టలెందుకని పెద్ద ధైర్యంగా అనేశాను. తర్వాత తలుపు వెనక ఖాళీ కొక్కెం చూస్తే ఉండబట్టలేదు. మూటంతా అక్కర్లేదమ్మా. ఒక్క కోటు ఉంది అందులో. అది ఇస్తే చాలు, మీకు ఎంతయిందో ఇచ్చేస్తాను."

"ఎలాంటి కోటండీ?" అంది మేనకోడలు. ఆ గొంతు విని, ఆ పిల్లకి అప్పటికే తెలిసిపోయిందని రంగులత్తకి అర్థమైంది.

"నీలం కోటు. చూడగానే పోల్చుకుంటారు. కుడి భుజం తెల్లగా ఉంటుంది. మా ఆయన వీధి దీపాలు బాగుచేసేవారు. నిచ్చెన ఎప్పుడూ ఆ భుజం మీదే. ఎడమ భుజానికి మార్చుకోమని ఎంత చెప్పినా వినేవారు కాదు, ఎడమ చేతిలో సామాను సంచి ఉంటుందిగా. ఆ భుజం ఉతికి ఉతికి నాకు దాని మీద ప్రతి పోగూ తెలుసు."

మేనకోడలు చేతిలో ఉన్న బట్ట మడత పెట్టింది, విప్పింది. "అది... అమ్ముడైపోయిందండీ" అంది.

"అయ్యో." ఆవిడ కోట్ల కడ్డీల వైపు చూసింది. "ఒకసారి నేను చూసుకోనా? పొరపాటున ఉండిపోయిందేమో."

మేనకోడలు పక్కకి జరిగింది. ఆవిడ సంచి స్టూలు మీద పెట్టి, కోట్ల కడ్డీ దగ్గరికి వెళ్లింది. మిగతా మనుషుల్లా కోటుని బయటికి లాగి చూడటం లేదు. కుడి భుజం ఒక్కటే వేళ్లతో ముందుకి లాగి, చూసి, వదిలేస్తోంది. నల్లవాటిని కూడా వదలలేదు. ఒక కడ్డీ అయింది, రెండో కడ్డీ అయింది. చివర కొయ్యబొమ్మ దగ్గరికి వచ్చింది. దాని కోటు కుడి భుజం మీద చెయ్యి వేసింది. నీలంగా, నున్నగా, మచ్చ లేకుండా ఉంది. చెయ్యి తీసేసి, బొమ్మని దాటి పక్కనున్న గౌన్ల వైపు వెళ్లింది.

రంగులత్త చేతిలోని పొట్లం బల్లమీద పెట్టేసింది. రాత్రంతా తనకి జరిగిన అన్యాయాన్ని తిప్పి తిప్పి చూసుకుంది. తను ఒక మనిషికి చేసినది ఇక్కడ, ఈ గదిలో, కళ్లెదురుగా నడుస్తోంది. ఊరుకుంటే సరిపోతుంది. అమ్ముడైపోయిందన్న మాట నమ్మి ఆవిడ వెళ్లిపోతుంది. ఎక్కడో ఒకచోట ఆ భుజం అలాగే ఉందనుకుంటుంది. మేనకోడలు పరదా వైపు తిరిగి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది కూడా.

రంగులత్త పరదా తీసుకుని బయటికి వచ్చింది.

"అదేనమ్మా" అంది. "మీరిప్పుడు దాటి వచ్చిందే."

ఆవిడ వెనక్కి తిరిగి కోటుని చూసింది, రంగులత్తని చూసింది. "కాదండీ. ఇది కొత్తది."

"కొత్తది కాదు. నేను రంగు వేశాను."

ఆవిడ వచ్చి, కోటుకి గుండీలు ఒకటొకటిగా తీసింది. చెయ్యి లోపలికి పెట్టి, చూడకుండానే జేబు వెతికింది. వేలికి ఆ దళసరి కుట్లు తగిలాయి. అక్కడ ఆగి, వేలిని కుట్టు వెంబడి ఆ కొస నుంచి ఈ కొసకి నడిపించింది. తర్వాత కోటుని బొమ్మ మీంచి తీసి ముఖానికి దగ్గరగా పట్టుకుంది. పట్టుకుని, దించేసింది.

"వాసన కూడా లేదు" అంది.

ముందుగదిలో నడవని గడియారాలే గనక చప్పుడేమీ లేదు. మేనకోడలు నేలవైపు చూస్తోంది.

"ఉతికితే పోతుందా?" అని అడిగింది ఆవిడ.

కార్ఖానాలో ఎన్నో ఏళ్లు, ఎంతోమంది ఈ ప్రశ్నే అడిగేవారు, రంగు పోతుందేమోనన్న భయంతో. రంగులత్త గర్వంగా జవాబు చెప్పేది. ఇప్పుడు అదే జవాబు తన గోళ్ల కింది నీలాన్ని చూస్తూ చెప్పాల్సి వచ్చింది. "పోదమ్మా" అంది చివరికి. "ఎన్నిసార్లు ఉతికినా పోదు."

ఆవిడ తలూపింది. కోపం వస్తుందేమోనని రంగులత్త ఎదురుచూసింది. రాలేదు. ఆవిడ కోటుని బల్లమీద పరిచి, చేతులు రెండూ లోపలికి మడిచి, పొందిగ్గా మడత పెట్టింది. ఏళ్ల తరబడి మడత పెట్టిన చేతులు, వాటికి చూపు అక్కర్లేకపోయింది. మడత పెట్టి, సంచిలో పెట్టుకోకుండా రంగులత్త చేతుల్లో పెట్టింది.

"తీసుకెళ్లండమ్మా. డబ్బేం వద్దు. మీదే ఇది" అంది రంగులత్త.

"ఆ జేబు కుట్టింది నేనే. నాకు కుట్టు సరిగ్గా రాదు. ఆయన నవ్వేవారు." ఆవిడ సంచి భుజానికి తగిలించుకుంది. "ఇందులో ఇప్పుడు ఆ కుట్టొక్కటే మిగిలింది. నాది నాకెందుకమ్మా?"

గుమ్మం దాకా వెళ్లి, ఏదో మర్యాద తక్కువైందన్నట్టు వెనక్కి తిరిగింది. "మీరేం అనుకోకండి. ఎంత బాగా వేశారో. కొత్తదానిలా ఉంది. ఇంత మంచి చెయ్యి నేనెక్కడా చూళ్లేదు."

తలుపు మూసుకుంది. అద్దంలోంచి ఆవిడ కాసేపు కనబడింది, ఎటు వెళ్లాలో మర్చిపోయినట్టు నిలబడి, తర్వాత వచ్చిన దారినే వెళ్లిపోయింది. రంగులత్త మడత పెట్టిన కోటుతో గది మధ్యన అలాగే ఉండిపోయింది. ఆ మంచిమాట కోసం ఎన్నాళ్లు చూసింది. వచ్చింది, తీసుకోక తప్పదు.

మేనకోడలు వచ్చి పక్కన నిలబడింది. భుజం మీద చెయ్యి వేసింది. "నిన్న నేను నిన్ను అలా అనకుండా ఉండాల్సిందత్తా" అంది. "నీ తప్పేం లేదు."

"ఉందే" అంది రంగులత్త. "నువ్వు అన్నది చాల్లేదు."